వెల్లా లావెల్లా పిట్ట

వీరాస్వామి సింగపూరులో హౌగాంగ్‌లోని చెల్లెలి ఫ్లాటుకు వచ్చిన మధ్యాహ్నం అతని చేతిలో మూతి కట్టిన వెదురుబుట్ట ఒకటి ఉంది. దానిమీద పాత లుంగీ చుట్టి ఉంది. అన్నయ్య ఏ ఓడ దిగినా ఎండుచేపలు తేకుండా రాడు. అరుణశ్రీ అవే అనుకుని చెయ్యి చాపింది. అతను బుట్ట వెనక్కి లాక్కున్నాడు.

“జాగర్త తల్లీ. పేణంతో ఉంది.”

లుంగీ తీశాడు. బుట్టలో గుప్పిట్లో ఇమిడిపోయేంత పిట్ట. వీపు ఆకుపచ్చ, గొంతు పసుపు, గొంతు కింద అడ్డంగా మాసిన పట్టీలాంటి గీత. కంటి చుట్టూ సన్నటి తెల్లటి వలయం. అది పుల్ల మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి గెంతింది, మళ్ళీ వెనక్కి గెంతింది. అలా గెంతుతూనే ఉంది.

“సో స్మాల్ లా, మామా!” అంది అరుణశ్రీ కూతురు సుస్మిత, బుట్టకు ముక్కు ఆనించి. ఆమెకు తొమ్మిదేళ్ళు. పుట్టింది విశాఖపట్నంలోనే అయినా మాట మాత్రం సింగపూరుది.

వీరాస్వామి దుంగలు మోసే సరుకు ఓడలో బోసన్. అంటే డెక్కు మీద పనివాళ్ళకు పెద్ద. భీమిలి రేవులో తండ్రి పడవ నుంచి పదిహేనో ఏట ఓడెక్కినవాడు మళ్ళీ నేల మీద నిలవలేదు. అతను ఓడెక్కబట్టే అరుణశ్రీ డిగ్రీ చదివింది, జనార్దన్‌లాంటి ఇంజనీరు మొగుడు దొరికాడు. ఆ సంగతి అతనెప్పుడూ నోట అనలేదు. అందుకే ఆమె అతనికి దేనికీ కాదనలేదు.

అన్నం తింటూ చెప్పాడు.

“సాలమన్ దీవులని ఉన్నాయి కాదేటి, అందులో వెల్లా లావెల్లా అని ఒక దీవి. అక్కడ రేవూ గీవూ ఏటీ నేదు. ఓడని దూరంగా నిలబెట్టీసి దుంగల్ని బార్జీల మీద తెస్తారు. ఒక్కోదానికి తీగలూ ఆకులూ అలాగే ఉంటాయి. ఈ పిట్ట ఆ ఆకుల్లోనే కూకుందో, దాని సెట్టు ఎనకాలే ఎగిరొచ్చిందో తెల్దు. ఓడ కదిలినాక డెక్కు మీద దుంగల సుట్టూ తిరుగుతా ఉంది. తెల్లారీసరికి దీవి కనపడ్డం మానీసింది. ఇంకెక్కడికి పోద్ది?”

“మరి ఇక్కడికెందుకు తెచ్చావు?”

“మాం ఇప్పుడు గుజరాత్‌లో కాండ్లా ఎల్తన్నాం. అక్కడ రేవులో తనిఖీ ఉంటాది, ఆ లోపల సముద్రంలోకి ఇసిరీమన్నాడు కెప్టెన్. ఎలా ఇసురుతానే? ఇన్నాళ్ళు బొప్పాయిపండు తినిపించి తెచ్చినాను. కాండ్లాలో దుంగలు దించీసి ఖాళీ ఓడతో మళ్ళా ఆ దీవికే ఎల్తాం. దార్లో ఇక్కడ ఆయిలు పట్టించుకుంటాం. అప్పుడొచ్చి పట్టుకుపోతాను. దాని అడవిలో దాన్ని ఒగ్గీస్తాను.”

“ఇక్కడ రేవు గేటు దగ్గర ఎవరూ అడగలేదా?”

“ఆళ్ళు అడగనేదు. నాను సెప్పనేదు.” అతను నవ్వాడు. అరుణశ్రీ కూడా నవ్వింది. ఆ రోజు అది నవ్వే విషయంగానే అనిపించింది.

జనార్దన్ సాయంత్రం పాయా లెబార్ పేటలోని ఆఫీసు నుంచి వచ్చి బుట్ట ముందు గొంతుక్కూచున్నాడు. “మీ అన్నయ్య అడవినే దిగుమతి చేస్తున్నాడే,” అన్నాడు. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో అతను టీమ్ లీడ్. అవి సాఫ్ట్‌వేర్ వాళ్ళు పట్టిందల్లా బంగారమైన రోజులు. సగం టీము మాదాపూర్ కంపెనీలు పిలిస్తే వెళ్ళిపోయింది. అతనికి మాత్రం సుస్మిత చదువు ఇక్కడే సాగాలని ఉంది. అందుకని పీఆర్‌కి, అంటే ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతికి, దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మొదటి వారాలు బాగానే గడిచాయి. పక్షుల దుకాణంలో పెద్ద పంజరం కొని, వంటింటి వెనక బట్టలారేసే చోట తగిలించారు. పిట్టకు బొప్పాయి, అరటిపండు, అప్పుడప్పుడు చీమగుడ్లు. నాలుగో రోజు ఉదయం అది పాడింది. సన్నగా మొదలై, గబగబా కిందికి దొర్లుతూ వచ్చే పాట. చివర్లో ఎవరో తలుపు తట్టినట్టు రెండు పొట్టి కూతలు. పాడి, తల పక్కకు వంచి, జవాబు కోసం ఆగినట్టు ఆగేది. తర్వాత మళ్ళీ మొదటి నుంచి.

ఆ పాట విని పక్క ఫ్లాటు లిమ్ అంకుల్ వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, ఒక్కడే ఉంటాడు. అతని కారిడార్‌లో రెండు గుండ్రటి పంజరాలు, వాటిలో మాటా పుతె పిట్టలు. మలై భాషలో తెల్లకన్ను అని అర్థం. ఆదివారాలు వాటిని బ్లాకు కింద మిగతా ముసలాళ్ళ పంజరాల వరసలో తగిలించి, కాఫీ తాగుతూ ఏ పిట్ట ఎక్కువసేపు పాడుతుందో వింటాడు.

ఈ పిట్టను చాలాసేపు చూశాడు. “దిస్ వన్ నాట్ మాటా పుతె. సేమ్ ఐ, బట్ నాట్ సేమ్ సాంగ్. వేర్ యూ గెట్ ఆహ్?”

“మా అన్నయ్య ఇచ్చాడంకుల్,” అంది అరుణశ్రీ ఇంగ్లీషులో.

“సండే బ్రింగ్ డౌన్ లా. మై ఫ్రెండ్స్ షూర్ లైక్.”

ఆమె తల ఊపింది గానీ తీసుకెళ్ళలేదు. ఎందుకో ఆమెకే తెలియదు.

తర్వాత బర్డ్ ఫ్లూ వార్తలు మొదలయ్యాయి. పక్కనే ఇండోనేషియాలో మనుషులు చనిపోతున్నారని టీవీలో రోజూ చెప్పేవారు. ఒకరోజు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. అనుమతి లేకుండా విదేశాల నుంచి పక్షిని తెస్తే జైలు, జరిమానా. అలాంటి పక్షి ఎక్కడున్నా తెలియజేయాలి. కింద ఫోను నంబరు.

ఆ సాయంత్రం జనార్దన్ బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

“ఆఫీసులో నెట్‌లో చూశాను. వెల్లా లావెల్లా అని కొడితే వచ్చింది. ఇదే పిట్ట, గొంతు కింద పట్టీ, అంతా ఇదే. ఆ ఒక్క దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదట అరుణా. మలేషియా నుంచి ఎగిరొచ్చిందని చెప్పడానిక్కూడా లేదు. చూసినవాడికి చూడగానే తెలిసిపోతుంది, ఓడలో దొంగతనంగా వచ్చిందని.”

“అన్నయ్య దొంగతనం చెయ్యలేదు.”

“ఆయన చెయ్యలేదనే నేనూ అంటాను. వాళ్ళు అంటారా? పీఆర్ ఫైలు అక్కడ టేబులు మీదుంది. మన మీద ఇప్పుడు ఒక్క మచ్చ పడిందంటే అంతే.”

“అయితే ఏం చేద్దామంటారు?”

 బుకిట్ బటోక్ కొండ దగ్గర చెట్లు దట్టంగా ఉంటాయి, అక్కడ వదిలేద్దాం అన్నాడు. ఇక్కడి కాకులు దాన్ని గంటసేపు ఉండనివ్వవు అంది ఆమె. అప్పగిస్తే చంపేస్తారట కదా అన్నాడు. ఆ మాట అతనికే నచ్చలేదు. చివరికి ఇద్దరూ ఒకటే అనుకున్నారు. వీరాస్వామి ఓడ తిరిగి వచ్చేదాకా ఎవరి కంటా పడకుండా, ఎవరి చెవినా పడకుండా దాచాలి.

సింగపూరులో కొత్త ఫ్లాట్లన్నిటికీ మధ్యలో ఒక చిన్న కాంక్రీటు గది ఉంటుంది. యుద్ధం వస్తే దాక్కోడానికి కట్టింది. అందరూ బాంబ్ షెల్టర్ అంటారు. జానెడు పైగా మందమున్న గోడలు, ఇనప తలుపు, కిటికీ లేదు. గాలి కోసం పైన రెండు గుండ్రటి కన్నాలు, ఒకటి హాల్లోకి, ఇంకొకటి బయటి కారిడార్‌లోకి. యుద్ధం రానన్నాళ్ళు అందరూ అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పెట్టుకుంటారు. వీళ్ళు పంజరం పెట్టారు.

హాలువైపు కన్నానికి ఇనప బిళ్ళ బిగించాడు జనార్దన్. కారిడార్‌వైపు బిళ్ళ తుప్పు పట్టి కదల్లేదు. అందులో పాత తువ్వాళ్ళు కుక్కాడు. ఆ తలుపు పిడి వదులుగా ఉందని, ఒక్కోసారి తిప్పినా గొళ్ళెం కదలదని ఇంటి ఓనరుకు ఎప్పుడో చెప్పారు. ఆయన చూస్తానన్నాడు, చూడలేదు.

సుస్మితను కూచోబెట్టి చెప్పారు. స్కూల్లో ఎవరికీ చెప్పకూడదు. ఫ్రెండ్స్‌ను ఇంటికి పిలవకూడదు. పంజరం మీద ఎప్పుడూ గుడ్డ ఉంటుంది. మేత పెట్టాలంటే ముందు ఇనప తలుపు గట్టిగా లాగి మూసి, ఆ తర్వాతే గుడ్డ తియ్యాలి. వెలుతురు చూస్తే అది పాడుతుంది కాబట్టి.

“బట్ అంటిల్ వెన్?” అంది సుస్మిత.

“మావయ్య వచ్చేదాకా.”

“దెన్ వెన్ ఈజ్ మామా కమింగ్?”

జనార్దన్ కోప్పడ్డాడు.

ఆ రోజు నుంచి ఇల్లు మారిపోయింది. కిటికీలు మూసే ఉండేవి. ఎవరు కాలింగ్ బెల్ కొట్టినా అరుణశ్రీ ముందు ఇనప తలుపు మూసి ఉందో లేదో చూసొచ్చేది. కరెంటు రీడింగు చూసేవాడొచ్చినా, కొరియరొచ్చినా, గ్రిల్లు తియ్యకుండానే మాట్లాడేది. జనార్దన్ బాసు ఫ్యామిలీతో భోజనానికి వస్తానంటే భార్యకు వంట్లో బాలేదని చెప్పాడు. రెండోసారి అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. మూడోసారి ఆయన అడగలేదు. తెలుగు సంఘం ఆడవాళ్ళు మొగుడూ పెళ్ళాలకు పడటం లేదేమో అనుకున్నారు. సుస్మిత బెస్ట్ ఫ్రెండ్ నిదా పుట్టినరోజుకు వెళ్ళొచ్చిన సాయంత్రం మంచం మీద బోర్లా పడుకుని ఎంతకీ లేవలేదు.

“నిదా మమ్మీ ఆస్క్‌డ్ వై నోబడీ కెన్ కమ్ టు అవర్ హౌస్. ఐ సెడ్ మై హౌస్ ఈజ్ డర్టీ,” అంది దిండులోకి.

అరుణశ్రీ కూతురి వీపు నిమురుతూ కూచుంది. 

లిమ్ అంకుల్ లిఫ్టు దగ్గర కనిపించి అడిగాడు. “యువర్ బర్డ్ హౌ? లాంగ్ టైమ్ నెవర్ హియర్.”

“చచ్చిపోయిందంకుల్.”

ముసలాయన మొహం వాడిపోయింది. “అయ్యో,” అన్నాడు, తమిళ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న మాట. ఇంకేదో అనబోయి, ఆమె చేతిలో సంచివైపు చూశాడు. సంచిలో బొప్పాయిపండ్లున్నాయి. 

చీకట్లో పిట్ట పాట తగ్గింది. తర్వాత ఆగిపోయింది. ఈకలు రాలి పంజరం అడుగున పడేవి. అరుణశ్రీ రోజూ మధ్యాహ్నం ఒక దీపం, ఒక చిన్న ఫ్యాను తీసుకుని లోపలికి వెళ్ళి, తలుపు మూసుకుని, బియ్యం బస్తా మీద కూచునేది. గుడ్డ తీస్తే అది కాసేపు కళ్ళు మూసి తెరిచేది. పుల్ల మీద ఆ చివరికీ ఈ చివరికీ గెంతేది. లోపల ఉక్క. గోడల్లోంచి పై ఫ్లాటులో నడుస్తున్న అడుగుల చప్పుడు తప్ప ఏదీ వినిపించదు. చెమట్లు కారుతున్నా బయటికి రాబుద్ధయ్యేది కాదు. తను వెళ్ళిపోతే దానికి మళ్ళీ చీకటే.

ఫిబ్రవరిలో వీరాస్వామి ఫోన్ చేశాడు. ఓడలోంచి కాదు, భీమిలి నుంచి.

“తల్లీ, ఓడ అమ్మీసినారు. కాండ్లాలో దుంగలు దించినాక అలంగ్ తీసుకుపోయి ఒడ్డుకెక్కించీసినారు, తుక్కు కింద కోసీడానికి. మమ్మల్నందర్నీ ఇళ్ళకి పంపించీసినారు. ఇంకో ఓడ ఎప్పుడొస్తాదో, అది ఎటెల్తాదో తెల్దు.”

“మరి పిట్ట?”

 “ఉందేటి ఇంకా?” అన్నాడు. చచ్చిపోయి ఉంటే బాగుండునన్న ఆశ ఆ గొంతులో అరుణశ్రీకి వినిపించింది. ఆమెకు కోపం రాలేదు. తనకూ ఆ ముందురోజు అదే అనిపించింది.

ఫోను పెట్టేశాక జనార్దన్‌తో చెప్పింది. అతను లెక్కలేవో వేసుకుంటున్నట్టు గోడవైపు చూశాడు. “పీఆర్ వచ్చేదాకా ఉండనీ,” అన్నాడు.

“వచ్చాక?”

“వచ్చాక చూద్దాం.”

ఆ మాటతో ఇక ఈ గదికి గడువు లేదని ఆమెకు అర్థమైంది.

అది జరిగిన రోజు పెద్ద వాన. అరుణశ్రీ బొప్పాయి కోసం మార్కెట్టుకు వెళ్ళి, వాన తగ్గేదాకా తిండి దుకాణాల హాకర్ సెంటర్ చూరు కింద నిలబడిపోయింది. సుస్మిత తన దగ్గరున్న తాళంతో ఇంట్లోకి వచ్చి ఉంటుందని తెలుసు. కంగారేమీ పడలేదు.

ఎనిమిదో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకోగానే లిమ్ అంకుల్ కనిపించాడు. తన ప్లాస్టిక్ స్టూలు అరుణశ్రీ వాళ్ళ గోడకు ఆనించి, దానిమీద నిలబడి, పైన కన్నానికి చెవి పెట్టి ఉన్నాడు. కింద నేల మీద తువ్వాళ్ళు పడి ఉన్నాయి.

ఆమెను చూసి మెల్లగా దిగాడు. “యువర్ గర్ల్ ఇన్‌సైడ్. డోర్ కెనాట్ ఓపెన్.” ఒక్క క్షణం ఆగి, “బర్డ్ ఆల్సో ఇన్‌సైడ్,” అన్నాడు.

సుస్మిత చెప్పినట్టే చేసింది. పిట్టకు అరటిపండు పెడదామని లోపలికి వెళ్ళి, ముందు ఇనప తలుపు గట్టిగా లాగి మూసి, తర్వాతే గుడ్డ తీసింది. తిరిగి వద్దామంటే పిడి తిరిగింది గానీ గొళ్ళెం కదల్లేదు. అరిచింది, తలుపు బాదింది. ఖాళీ ఇంట్లో వినేదెవరు? సూట్‌కేసులు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎక్కి, కన్నంలో కుక్కిన తువ్వాళ్ళను చీపురు కర్రతో బయటికి పొడిచింది. వెలుతురు సన్నగా లోపల పడింది. ఆ వెలుతురుకు పిట్ట పాడింది. అదెవరినీ పిలవలేదు. వెలుతురు చూసింది, పాడింది, అంతే. ఆ పాట కారిడార్‌లో పడితే, చచ్చిపోయిందన్న పిట్ట ఎలా పాడుతుందని లిమ్ అంకుల్ బయటికొచ్చాడు. వచ్చాక పిల్ల ఏడుపు వినిపించింది.

అరుణశ్రీ లోపలికి పరుగెత్తి పిడి తిప్పింది. వట్టిగా తిరిగింది. రెండు చేతులతో తిప్పింది. భుజంతో గుద్దింది.

“సుస్మీ! అమ్మనిరా!”

తలుపు అవతలి నుంచి చాలా సన్నగా, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు, “మమ్మీ, హాట్...” అని వినిపించింది.

జనార్దన్‌కు ఫోన్ చేసింది.

“ఏవండీ, సుస్మి షెల్టర్‌లో ఇరుక్కుపోయింది. గొళ్ళెం రావట్లేదు. ఫైర్ వాళ్ళకు చేస్తున్నాను.”

“అయ్యో! ఎంతసేపైంది?” అన్నాడు. వెంటనే, “ఉండు, ఉండు అరుణా. పిట్ట కూడా లోపలే ఉందా?”

“ఉంది.”

అవతల నిశ్శబ్దం. ఆఫీసులో ఎవరిదో నవ్వు వినిపించింది.

“గాలి ఆడుతోందిగా? నేను ట్యాక్సీలో బయల్దేరుతున్నా. తాళాలు తీసేవాడు ఎవరైనా దొరుకుతాడేమో చూడు. ఫైర్ వాళ్ళొస్తే...”

ఆ తర్వాత ఏమన్నాడో ఆమె వినలేదు. కట్ చేసి, 995 నొక్కి, అడ్రసు చెప్పింది. గొంతు ఆమెకే ఆశ్చర్యం కలిగించేంత స్థిరంగా ఉంది. తర్వాత స్టూలు ఎక్కి కన్నానికి నోరు పెట్టి, వాళ్ళు వచ్చేదాకా కూతురితో మాట్లాడుతూనే ఉంది. భీమిలి కబుర్లు, తాత పడవ కబుర్లు, నోటికి ఏదొస్తే అది. కింద లిమ్ అంకుల్ స్టూలు కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

ఫైర్ వాళ్ళు వచ్చి ఏదో యంత్రం పెట్టి తలుపు అంచు వంచారు. ఇనుము కీచుమంది. గదిలోంచి వేడిగాలి కొట్టింది. యూనిఫారం తడిసి ఒంటికి అంటుకుపోయి, పంజరాన్ని రెండు చేతులా గుండెకు అదుముకుని సుస్మిత బయటికొచ్చింది. అరుణశ్రీ పిల్లనూ పంజరాన్నీ కలిపి వాటేసుకుని నేలమీద కూలబడింది.

ఫైర్ వాళ్ళ లీడరు సుస్మిత నాడి చూశాడు, నీళ్ళు తాగించాడు, పేరడిగాడు. పంజరంవైపు ఒకసారి చూశాడు. “గాలి కన్నాలు ఎప్పుడూ మూయకండి మేడమ్,” అన్నాడు మర్యాదగా. అంతే, సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

జనార్దన్ అప్పటికి వచ్చాడు. కూతుర్ని ఎత్తుకుని, అంత పిల్లను చంటిపిల్లలా భుజాన వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. అరుణశ్రీకి అందులో అనుమానం లేదు. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, మెల్లగా, “వాళ్ళేమీ అడగలేదా?” అన్నాడు.

“లేదు.”

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి కూడా ఆమె విన్నది.

లిమ్ అంకుల్ గుమ్మం దగ్గరే నిలబడి, పిట్టను తనకిస్తే తన రెండిటి మధ్య తగిలిస్తానని, ఎవరికీ తెలియదని అన్నాడు. అరుణశ్రీ అతనికి రెండు చేతులూ జోడించి వద్దంది.

మర్నాడు ఉదయం నోటీసు మీది నంబరుకు ఫోన్ చేయబోతుంటే జనార్దన్ అడ్డుపడ్డాడు.

“ఇప్పుడెందుకు? గండం గడిచింది కదా. తలుపు బాగుచేయిస్తాను, కన్నాలు తెరిచే ఉంచుదాం.”

“ఆ తలుపు మళ్ళీ నేను మూయలేనండీ.”

“దాన్ని చంపేస్తారు అరుణా.”

“చంపొచ్చు. మనం చేస్తున్నదేమిటి?”

ఆమె నంబరు నొక్కింది. జనార్దన్ ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. అధికారులు వచ్చినప్పుడు ఆమె పక్కనే కూచున్నాడు.

ఇద్దరు వచ్చారు, మాస్కులూ గ్లవుజులూ వేసుకుని. పెద్దావిడ మలై మనిషి, తలకు స్కార్ఫు. అరుణశ్రీ దాచకుండా చెప్పింది. తెచ్చింది అన్నయ్య, ఇన్నాళ్ళు తెలిసీ ఉంచుకున్నది నేను. ఆవిడ రాసుకుని, పంజరం ముందు వంగి చాలాసేపు చూసి, తన తోటివాడితో మలైలో ఏదో అంది.

“దీన్ని ఏం చేస్తారు?” అని అరుణశ్రీ అడిగింది.

“పరీక్షలు చేస్తాం. జబ్బుంటే ఉంచరు. లేకపోయినా, దొంగతనంగా వచ్చినవాటిని మామూలుగా ఉంచరు. ఇది మామూలుది కాదు కాబట్టి అడిగి చూస్తాను. మాట ఇవ్వలేను,” అంది ఆవిడ. ఉన్నదున్నట్టు చెప్పినందుకు అరుణశ్రీకి ఆమె మీద గౌరవం కలిగింది.

పిట్టకు జబ్బు లేదు. చంపలేదు. కానీ దీవికి పంపడానికి అక్కడివాళ్ళు ఒప్పుకోలేదు. ఇన్ని ఊళ్ళు తిరిగింది, ఇన్ని పక్షుల పక్కన ఉంది, ఏ రోగం మోసుకొచ్చి అక్కడున్న దాని జాతికి అంటిస్తుందోనని వాళ్ళ భయం. అది న్యాయమే. పంజరాల్లో పెంచే చోట్లలో ప్రపంచంలో ఎక్కడా దాని జాతిది ఇంకొకటి లేదు. జనం రాని ఒక ఆవరణలో, అద్దం వెనక, కుండీల్లో నిజం చెట్లున్న గదిలో దాన్ని ఒంటరిగా ఉంచారు. ఆ మలై ఆవిడ పూనుకుని అరుణశ్రీకి రెండుసార్లు చూపించింది. ఈకలు మళ్ళీ వచ్చాయి. ఆకుల్లో అటూ ఇటూ తిరుగుతోంది. అద్దం మందం వల్ల పాడుతోందో లేదో తెలియలేదు. గొంతు మాత్రం కదులుతోంది. రెండేళ్ళు బతికింది. పోయిన రోజు ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

కోర్టులో జరిమానాతో పోయింది, జైలు లేదు. వీరాస్వామికి మాత్రం ఇక సింగపూరులో ఒడ్డుకు దిగే అనుమతి లేకుండా పోయింది. “మంచి పని సేసినావు తల్లీ. నా బరువు నీ నెత్తిన ఎట్టీసినాను,” అన్నాడు ఫోన్లో. పీఆర్ రాలేదు. కారణం చెప్పలేదు. జనార్దన్ ఒక్క రోజూ, కోపంలో కూడా, నీ వల్లే అనలేదు. అరుణశ్రీ కూడా ఆ రోజు ఫోనులోని నిశ్శబ్దం గురించి ఎత్తలేదు. అది వాళ్ళిద్దరి మధ్య భోజనాల బల్ల దగ్గర, మంచం మీద, మార్కెట్టుకు వెళ్ళే దారిలో ఉంటూనే ఉంది.

సుస్మిత ఆ తర్వాత లిఫ్టు ఎక్కలేదు. తలుపులు మూసుకోబోతుంటే బయటికి గెంతేసేది. డాక్టరు తొందరపెట్టొద్దన్నాడు. ఎనిమిది అంతస్తులూ మెట్లెక్కేది. అరుణశ్రీ కూడా ఎక్కేది. కొన్నాళ్ళకు మోకాళ్ళు నొప్పి పుట్టి ఆపేసింది.

అప్పటినుంచి జనార్దన్ ఆఫీసు నుంచి వెలుగుండగానే వచ్చెయ్యడం మొదలుపెట్టాడు. పైకి రాకుండా, కింద ఆడుకునే చోట సిమెంటు బల్ల మీద కూతురి కోసం కూచునేవాడు. మాదాపూర్ నుంచి మంచి ఉద్యోగమని పిలుపొస్తే వెళ్ళలేదు. ఎందుకని అడిగితే ఇంకా ఆలోచించలేదన్నాడు.

ఒక సాయంత్రం అరుణశ్రీ కారిడార్‌లో ఆరేసిన బట్టలు తీస్తుంటే మెట్ల గదిలోంచి మాటలు వినిపించాయి. ఐదో అంతస్తులోనో ఆరో అంతస్తులోనో ఆగి ఉన్నారు. జనార్దన్ రొప్పుతున్నాడు. అతనికి ఈమధ్య పొట్ట వచ్చింది.

“డాడీ, యూ టేక్ లిఫ్ట్ లా. ఐ కెన్ వాక్ అలోన్.”

“వద్దు.”

“యూ ఆర్ సో టైర్డ్.”

“పర్లేదమ్మా. కాస్త ఊపిరి పీల్చుకోనీ. నువ్వు ముందు వెళ్ళకు, నాతోనే ఉండు.”

బూట్ల చప్పుడు మళ్ళీ మొదలైంది, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. అరుణశ్రీ చేతిలో బట్టలు పిట్టగోడ మీద పెట్టి, మెట్ల గది తలుపు తీసి పట్టుకుంది. కిందికి చూస్తూ, వాళ్ళు పైకి వచ్చేదాకా అక్కడే నిలబడింది.